మా దొరువు పూడ్చిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందుగా చెప్పకపోతే చదివేవారికి నా మీద నమ్మకం పోతుంది. మా నాయన పెద్దారవీడు దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. ఆదివారం ప్రార్థన కూడా ఆయనే చెప్పేవాడు. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందని కబురొస్తే క్వినైను సీసా పట్టుకుని పోయేవాడు. ఆయన తరవాత ఆ బడి, ఆ సీసా, ఆ అపనమ్మకం మూడూ నాకే వచ్చాయి. సీసా ఎప్పుడో ఖాళీ అయింది. అపనమ్మకం మాత్రం ఇప్పటికీ అడుగున కాస్త మిగిలి ఉంది.

ఇది జరిగింది యుద్ధం రోజుల్లో. మద్రాసు ప్రభుత్వం. మాది అప్పట్లో కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా. బస్సులు బొగ్గుతో నడిచేవి. నడిచేవి అనడం మర్యాద కోసం. మిట్ట వచ్చిన చోటల్లా దిగి నడిచింది మేమే.

నా భార్య రూతమ్మకు ఉబ్బసం. నల్లమల మీది నుంచి చలిగాలి దిగిందంటే మొదలయ్యేది. పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండు చేర్చి కూర్చునే నిద్రపోయేది. పెళ్లైన తొమ్మిదేళ్లలో ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోవడం నేను చూసింది బహుశా నెలరోజులు కూడా ఉండదు. ఆమె దగ్గు ఆగేదాకా నేనూ కూర్చునేవాణ్ణి. పొద్దున బడిలో పిల్లలు ఎక్కాలు చెబుతుంటే నేను కునుకు తీసేవాణ్ణి. పదమూడో ఎక్కం దగ్గర వాళ్లు తప్పు చెప్పినా నాకు తెలిసేది కాదు. వాళ్లకు మాత్రం నా గురక తెలిసేది.

కంభంలో ఒక డాక్టరు చూసి, సముద్రపు గాలి తగిలితే మేలన్నాడు. మందుచీటీలో సముద్రం రాసిన డాక్టరును నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. కంభం చెరువు దాటి పెద్ద నీళ్లు చూసినవాళ్లం కాదు మేము.

ఒంగోలుకు తూర్పున సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. పేరు చెప్పను. అక్కడ తెలిసిన పంతులు ఒకాయన ఉంటే వేసవి సెలవుల్లో ఆయన ఇంట్లో దిగాము. మూడో రోజు తెల్లవారి లేచి చూస్తే రూతమ్మ చాప మీద వెల్లకిలా పడి ఉంది. భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి సాఫీగా వస్తోంది. ఆమె కళ్లు తెరిచింది.

"ఏంది, బతికుండానా లేదా అని చూస్తుండావా?"

అవుననలేక, చీమ పాకుతోందన్నాను.

ఆ పొద్దుటే తీర్మానమైపోయింది. పెద్దారవీడు దగ్గర మాకున్న చేను అమ్మేశాను. మా వాళ్లంతా పిచ్చి అన్నారు. గాలి కోసం భూమి అమ్ముకున్నవాడు మా తాలూకాలో లేడట. ఒడ్డున పక్క పల్లెలో ఒక చిన్న బడి దొరికింది. జీతం తగ్గింది, పిల్లలు కూడా తగ్గారు, కనక లెక్క సరిపోయిందనుకున్నాను.

ఇల్లు అమ్మినాయన పేరు కోటయ్య. భార్య పోయాక ఒంగోల్లో కూతురి దగ్గరకు వెళ్లిపోవాలని అమ్మకానికి పెట్టాడు. మట్టిగోడలు, తాటాకు కప్పు, చుట్టూ కొంచెం ఇసుక నేల, నాలుగు వరసల సరుగుడు చెట్లు. దస్తావేజులో హద్దులు రాసేటప్పుడు తూర్పు హద్దు సముద్రపు పోరంబోకు అని రాశారు. అంత పెద్ద పొరుగువాడు నాకు ముందెన్నడూ లేడు. అంత చప్పుడు చేసేవాడు కూడా.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. దస్తావేజు అయ్యాక అమ్మినవాడు కొన్నవాణ్ణి హద్దుల వెంట తిప్పి, చివరకు దొరువు దగ్గరకు తీసుకుపోయి, తన చేత్తో నీళ్లు తోడి తాగిస్తాడు. అప్పటికి గానీ అమ్మకం పూర్తయినట్టు కాదు. రిజిస్ట్రారు ముద్ర దానికి ముందు లెక్కలోకి రాదు.

దొరువంటే ఇసుకలో తవ్విన గుంట. బావిలా నిటారుగా ఉండదు. వాలుగా దిగి పోవచ్చు. మా దొరువు మనిషి భుజం లోతు ఉండేది. అడుగున మోకాటి మట్టం నీళ్లు. నీళ్ల అంచున అడ్డంగా ఒక తాటిమొద్దు పరిచి ఉండేది. దాని మీద నిలబడి కొబ్బరిచిప్పతో నెమ్మదిగా తోడి బిందెలో పోసుకోవాలి. కోటయ్య నాయన తన పడుచుతనంలో తవ్విన దొరువట. మొద్దు కూడా ఆయన వేసిందే. చుట్టుపట్ల తొమ్మిది ఇళ్లు ఆ నీళ్లే తాగేవి.

కోటయ్య చిప్పతో నీళ్లిచ్చాడు. తాగాను. చెరకు రసం అనను గానీ, కూతవేటు దూరంలో సముద్రం పెట్టుకుని ఆ తీపి వింతే.

"పంతులుగారూ, ఇల్లు మీ ఇష్టం. పడగొట్టుకోండి, కట్టుకోండి. ఈ మొద్దు మాత్రం కదపమాకండి. దీని కిందకి పార దిగకూడదు."

"కింద ఏముందండీ?"

"సముద్రం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఏడాది బాగానే గడిచింది. అన్నంలో ఇసుక, మంచంలో ఇసుక, హాజరుపట్టీలో ఇసుక. మా యాస విని ఊరివాళ్లు నవ్వుకునేవాళ్లు. నేను "వచ్చినాడు" అంటే బడిపిల్లలు "వచ్చాడండీ" అని దిద్దేవాళ్లు. దిద్దించుకోవడంలో నాకు సిగ్గు లేదు. ఇంట్లో ఊపిరి చప్పుడు వినపడకుండా నిద్రపోవడం అలవాటైంది. మొదట్లో ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేది.

పక్కింటి నాగరత్నమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. భర్త లేడు, కొడుకులు ఇద్దరూ ఉప్పు కొఠారులో కూలి పని చేసేవాళ్లు. మేము ఆమెను అత్తా అని పిలిచేవాళ్లం. నీళ్లు కలకబారకుండా చిప్ప ఎలా ముంచాలో రూతమ్మకు నేర్పింది ఆవిడే. "బిందె ముంచకే తల్లీ, నీళ్లు ఉలిక్కిపడతాయి" అనేది.

రెండో వేసవి గట్టిగా కాసింది. దొరువులో నీళ్లు మోకాలు దిగి మడమకు వచ్చాయి. బిందె నిండాలంటే మొద్దు మీద చాలాసేపు కాచుకోవాలి. ఆడవాళ్లు వరస కట్టి కూర్చునేవాళ్లు. వాళ్లు నన్నేమీ అనలేదు. అయినా దొరువు నా దస్తావేజులో ఉంది కదా, వాళ్ల కాళ్లు నొప్పి పుడితే తప్పు నాదే అనిపించేది.

సరిగ్గా అప్పుడు మా బావ వచ్చాడు. రూతమ్మ అన్న, పేరు దావీదు. అతను నన్ను బావా అంటాడు, నేను అతన్ని బావా అంటాను, ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు. వృత్తి బావులు తవ్వడం. బావకూ బావికీ అక్షరం తేడాయే గానీ ప్రాణం ఒకటే. మా మార్కాపురం వైపు పలకరాయి కింద, బండ కింద ఎంత లోతుకు పోతే అంత నీళ్లు. నీళ్లు తగ్గితే ఇంకో రెండు నిలువులు దిగాలి. మాకు తెలిసిన విద్య అదొక్కటే.

దొరువు చూసి చేతులు నడుము మీద పెట్టుకున్నాడు.

"ఇదేంది బావా? బావి ఉందంటివి. కుక్క పొర్లిన గుంత మాదిరి ఉంది."

"దొరువంటారు బావా."

"పేరేదైతే ఏంది? బండలో నలభై అడుగులు దిగి నీళ్లు తీసినోణ్ణి. ఇసకలో నీళ్లకు ఇంతమంది ఆడోళ్లు కాచుకోనుండారా?"

"వద్దులే అన్నా," అంది రూతమ్మ. "అమ్మినాయన మొద్దు కదపొద్దని చెప్పినాడు."

"ఆయన నీళ్లమ్మినాడా, మాటలమ్మినాడా?"

ఇక్కడ తప్పు బావ మీద వేయడం తేలిక. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ వేస్తూనే వచ్చాను. నిజమేమిటంటే అతను పార ఎత్తే ముందు నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. నీళ్ల గురించి మెట్టవాళ్లకు ఇంకొకరు చెప్పేదేముంటుంది అని నాక్కూడా ఉంది.

రెండు రోజులు తవ్వాము. మొద్దు పైకి లాగి గట్టున పడేశాము. ఇసుక జారకుండా సరుగుడు వాసాలు పాతి తాటాకు దడి కట్టాడు బావ. మనిషి లోతు కిందికి దిగాడు. రెండో రోజు సాయంత్రం నీళ్లు ఉబికి వచ్చాయి. నడుము మట్టం. ఆడవాళ్లు బిందెలు ముంచుకుని పోయారు. బావ తలగుడ్డ తీసి మెడ తుడుచుకుంటూ, ఊరంతా వినేటట్టు, "చూస్తిరా!" అన్నాడు. నేనూ రొమ్ము విరిచి నిలబడ్డాను. నాగరత్నమ్మ ఒక్కతే బిందె తేలేదు. గట్టున నిలబడి చూసి వెళ్లిపోయింది.

మర్నాడు నీళ్లు చప్పగా ఉన్నాయి. మూడోనాడు ఉప్పగా ఉన్నాయి. నాలుగోనాడు వాటితో ముఖం కడుక్కుంటే కళ్లు మండాయి.

బావ ఇంకో జానెడు తవ్వాడు. ఇంకా ఉప్పు. అతనికి లోతుకు పోవడం తప్ప వేరే దారి తెలియదు. పాపం, ఆ రోజు అతని ముఖం చూడలేకపోయాను. దిగిన కొద్దీ నీళ్లు చెడే నేల ఉంటుందని ఎవరైనా చెబితే మార్కాపురంలో నవ్వేవాళ్లు. మర్నాడు చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. పార మా ఇంట్లోనే మరిచిపోయాడు. మరిచిపోయాడనే అనుకుంటున్నాను.

తరవాత ఊళ్లో ఒక ముసలాయన నాకు ఓపికగా చెప్పాడు. వాన నీళ్లు ఇసుకలోకి దిగి, కిందున్న సముద్రపు నీళ్ల మీద పలచగా తేలుతుంటాయట. పాల మీద మీగడ లాగ. మీగడ మీద చిప్ప ఆనించాలి గానీ గరిటె అడుగుదాకా పోనీయకూడదు. "ఇసుక పోసి పూడ్చండి. రెండు వానాకాలాలు పడితే మళ్లీ తీపి రావచ్చు. రాకపోనూ వచ్చు" అన్నాడు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లు పొద్దున్నే బిందెలెత్తుకుని మా వాకిలి ముందు నుంచి ముప్పావు మైలు దూరంలో ఉన్న ఇంకో దొరువుకు పోయేవాళ్లు. ఇసుకలో ముప్పావు మైలు అంటే గట్టి నేల మీద రెండు మైళ్లు. నాగరత్నమ్మ పోతూ పోతూ "అమ్మాయ్, వస్తావా?" అని రూతమ్మను కేకేసేది, ఏమీ జరగనట్టే.

రూతమ్మ నాలుగు రోజులు మోసింది. అయిదో రోజు దారిలో కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం మళ్లీ గోడకు దిండు చేర్చింది. సముద్రపు గాలి అదే, ఇల్లు అదే, ఊపిరి మాత్రం పెద్దారవీడు నాటిది.

అప్పటినుంచి నీళ్లు నేనే మోశాను. కావడి భుజం మార్చుకుంటూ పొద్దున రెండు సార్లు, సాయంత్రం ఒకసారి. మిగతా సమయంలో దొరువులో ఇసుక పోశాను. వేసవి సెలవులు కావడంతో అడిగేవాళ్లు లేరు. తట్టతో మోసి పోస్తే ఉప్పునీళ్లు ఆ ఇసుకను నమిలి మింగేవి. రోజుకు యాభై తట్టలు. వారం తరవాత తాడు దించి కొలిచాను. అది మొదట్లో బావ వేసిన ముడుల తాడు. దొరువు పాత అడుగు దగ్గర ఒక ముడి, కొత్త అడుగు దగ్గర ఒక ముడి. నా వారం రోజుల కష్టానికి కొత్త ముడి ఒక బెత్తెడు మాత్రం పైకి వచ్చింది. బండ్లు పెట్టి తోలిద్దామంటే ఎద్దులన్నీ ఉప్పు తోలకంలో ఉన్నాయి.

ఆ తాటిమొద్దు సంగతి కూడా చెప్పాలి, ముందు ముందు అవసరం. గట్టున పడి ఉందని ఒకరోజు గొడ్డలి పట్టాను. మొదటి దెబ్బ జారింది. కొస దగ్గర వాలుగా ఒక గంటు పడింది, అరచేయంత. దానిలో గొడ్డలి ఇరుక్కుని, లాగేసరికి అంచు పెచ్చు లేచింది. తరవాత దాన్ని ఏడు ముక్కలు చేశాను. రెండు వారాల్లో పొయ్యిలో పెట్టేశాను. మండదు, పొగ. రూతమ్మ దగ్గుతూ బయట కూర్చునేది. ఆ బూడిదతోనే గిన్నెలు తోమాము.

చివరికి అమ్మేద్దామనుకున్నాము. అమ్మేసి వెనక్కి పోవడం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. చలికాలం, నల్లమల గాలి, గోడకు దిండు. ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు. "ఆడ మనోళ్లుండారులే" అని మాత్రం ఒకసారి అంది.

ఒంగోల్లో ఒక దస్తావేజు లేఖరి, కొనేవాడు ఉన్నాడని కబురు పెట్టాడు. గురువారం తెల్లవారకముందే ఇద్దరం బయలుదేరాము. రూతమ్మను అక్కడ డాక్టరుకు చూపించవచ్చని ఆమెను కూడా తీసుకుపోయాను. ఈ వివరం ముఖ్యం. ఆ రెండున్నర రోజులూ ఆమె నా పక్కనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం లేఖరి అరుగు మీద, కొనేవాడు నా ఎదురుగా కూర్చున్నాడు. పొదిలి వైపు మనిషి, నాలాగే మెట్టవాడు. సముద్రం చూసి ముచ్చటపడ్డవాడు.

"నీళ్లెట్లుంటాయి పంతులుగారూ?" అని అడిగాడు.

"దొరువుంది. తీపి నీళ్లు," అన్నాను.

రూతమ్మ నా వైపు చూడలేదు. కొంగు ముడి విప్పి మళ్లీ వేసుకుంది.

ఆ అరుగు మీద కూర్చున్నప్పుడే నాకు ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. భుజాలు, నడుము, పిక్కలు. పొద్దుటినుంచి నేను చేసిన పనల్లా కూర్చోవడం. మధ్యాహ్నం నుంచి సాయంత్రందాకా నొప్పి పెరుగుతూ పోయింది. లేవబోతే లేవలేకపోయాను. లేఖరి నవ్వి, "అబద్ధం బరువండీ" అని ఎవరో వేరే కక్షిదారుతో అంటున్నాడు, నా గురించే అనుకున్నాను. బస చేసిన ఇంట్లో రూతమ్మ నా వీపు తోముతూ, "ఏం మోసినావు ఇంతగా?" అంది. కావడి మోసిన పాత నొప్పి అన్నాను. "ఆ నొప్పి నాకు తెల్దా? ఇది కాదు," అంది.

శనివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాము. కొనేవాడు వచ్చే గురువారం ఇల్లు చూడటానికి వస్తానన్నాడు. ఈలోగా ఏం చేయాలా అని ఆలోచిస్తూ దొరువు వైపు పోయాను.

దొరువు పూడి ఉంది.

పూర్తిగా కాదు. పాత లోతుకు. వాలుగా దిగే దారి ఎప్పటిలాగే ఉంది. బావ కట్టిన దడి, వాసాలు లేవు. తరవాత చూస్తే వాసాలు ఇంటి వెనక ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అడుగున మడమ మట్టం నీళ్లు, తేటగా. నీళ్ల అంచున అడ్డంగా తాటిమొద్దు.

నేను గట్టునే కూర్చున్నాను. రూతమ్మ నన్ను దాటి కిందికి దిగి, చిప్పతో ముంచి నోట్లో పోసుకుంది. చాలాసేపు మింగలేదు. తరవాత మింగి, ఇంకో చిప్ప ముంచి నాకు తెచ్చింది.

తీపి నీళ్లు. నా జీవితంలో దస్తావేజు లేఖరి ముందు ఆడింది ఒకే ఒక్క అబద్ధం. అదీ నిలవలేదు. నేను ఇంటికి వచ్చేలోగా నిజమైపోయింది.

ఊరివాళ్లు పూడ్చారనుకున్నాను. మీరూ అదే అనుకుంటున్నారు. నాగరత్నమ్మ బిందె చంకన పెట్టుకుని అప్పుడే వచ్చింది.

"ఏమయ్యా పంతులూ, మంచి పని చేశావు గానీ ఒక్కడివే ఎందుకంత కష్టం? కేకేస్తే మా వాళ్లు వచ్చేవాళ్లుగా."

"నేనెక్కడ చేశానత్తా? ఇప్పుడేగా ఒంగోలు నుంచి వస్తున్నాం."

"చాల్లే సంబడం. నిన్న మిట్టమధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా తట్టలు మోస్తూనే ఉన్నావు. మజ్జిగ తాగుతావా అంటే చెయ్యి ఊపావు. వెనక్కి తిరిగైనా చూళ్లేదు. ఉప్పునీళ్లు రప్పించినందుకు సిగ్గుపడుతున్నాడులే అని ఊరుకున్నా."

"ఎవరో అయ్యుంటాడు."

"నిన్న నీ గొడుగు గట్టునే ఉందిగా. అదిగో, ఆ నీలం మాసికదే."

ఆ గొడుగు నా చంకలో ఉంది. ఒంగోలు పోయి వచ్చింది. దాని మీద నీలం గుడ్డ మాసిక వేసింది రూతమ్మే, అదీ మేము బయలుదేరే ముందు రోజు. మేము తిరిగి వచ్చేదాకా ఆ మాసికను ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

మిగతా ఇళ్లలో కూడా అడిగాను. ఇద్దరు అదే చెప్పారు, పంతులుగారు ఒంటరిగా పని చేస్తుంటే దూరం నుంచి చూశామని. ముఖం ఎవరూ చూడలేదు. తక్కినవాళ్లు ఏమీ చూడలేదు.

సాక్ష్యం అంటారు గనక చెబుతున్నాను. తాడు దించాను, పాత ముడి దగ్గర సరిగ్గా ఆగింది. అంత ఇసుక నేను పోస్తే, రోజుకు యాభై తట్టల చొప్పున, వానాకాలం దాటేది. బండి చక్రం జాడ లేదు. ఆ నెలంతా ఒక్క చినుకు పడలేదు, కనక వాన తీపి చేసిందనడానికి లేదు. గాలికి ఇసుక కొట్టుకొచ్చి గుంటలు పూడటం ఒడ్డున మామూలే, ఒప్పుకుంటాను. గాలి వాసాలు పేర్చదు.

మొద్దు దగ్గరకు చివరికి పోయాను. కొస మీద ఇసుక అంటి ఉంటే చేత్తో తుడిచాను. వాలుగా గంటు. అరచేయంత. అంచున పెచ్చు లేచి ఉంది. పొయ్యిలో ఆ మొద్దు బూడిద ఇంకా ఉంది.

వాలులో, నీళ్ల పక్కన తడి ఇసుక మీద, తొక్కి గట్టి చేసిన అడుగుల గుర్తులున్నాయి. ఒట్టి కాళ్లు.

"ఒకసారి కాలు పెట్టి చూడు," అంది రూతమ్మ.

నేను పెట్టలేదు. సాయంత్రానికి గాలి వాటిని చెరిపేసింది.

ఆదివారం మా పక్క పల్లె ప్రార్థనలో ఈ సంగతి నేను చెప్పలేదు. కొనేవాడికి మాత్రం ఉత్తరం రాశాను, అమ్మడం లేదని. అతను కోపంతో జవాబు రాశాడు. న్యాయమే.

వానలు మొదలయ్యాక కోటయ్య ఒకసారి చూడటానికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను, మొద్దు కదిపిన తప్పుతో సహా. ఆయన తిట్టలేదు. కిందికి దిగి మొద్దు మీద నిలబడి, ఆ గంటును కాలి బొటనవేలితో తడిమాడు. నీళ్లు తాగాడు. పైకి వచ్చి చుట్ట వెలిగించుకోవడానికి మూడు పుల్లలు గీశాడు.

"మా నాయన పోయే ముందు రెండేళ్లు మంచంలో ఉన్నాడండీ," అన్నాడు. "కాళ్లు పడిపోయాయి. ఆ మధ్యలో ఒక తుపానొచ్చి ఈ దొరువులోకి సముద్రం ఎక్కింది. అప్పుడు ఆయన భుజాలు నొప్పి అని ఒకటే గోల. ఇసుక మోసి మోసి భుజాలు పోయినయ్యిరా అనేవాడు. జ్వరంలో పేలాపన అనుకున్నాం. దొరువు ఎవరో మంచివాళ్లు బాగు చేసి పోయారనుకున్నాం."

"ఎవరో తెలిసిందా?"

"ఎవర్నడిగినా, మీ నాయనేగా అన్నారు."

అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదని కోపం రాలేదు. హద్దుల వరసలో అది ఎక్కడ రాయిస్తాడు?

దావీదు బావ మరుసటి ఏడు వచ్చాడు. నీళ్లు తాగి, "నేను చెప్పలే, దిగితే నీళ్లు పడతాయని?" అన్నాడు. పార అతనికి తిరిగి ఇచ్చేశాను.

రూతమ్మ ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. పోయింది కూడా నిద్రలోనే, ఉబ్బసంతో కాదు. ఊపిరి చూడటానికి ఆ పొద్దున కూడా ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఈసారి ఆమె కళ్లు తెరవలేదు.

పిల్లలు లేరు. ఇల్లు అమ్మేసి పెద్దారవీడు వచ్చి ఉండమని మా వాళ్లు ఉత్తరాలు రాస్తారు. నేను పోలేదు. దొరువు నీళ్లు తొమ్మిది ఇళ్ల బదులు ఇప్పుడు పదహారు ఇళ్లు తాగుతున్నాయి. వేసవిలో మట్టం దిగుతుంది, వానలకు ఎక్కుతుంది. మొద్దు అదే.

ఇన్నేళ్లు ఆలోచించాను. లెక్కల పంతులుని, ఏ వైపు నుంచి కూడినా మొత్తం కుదరలేదు. ఆ పని నేను చేయలేదు, అందుకు రూతమ్మ సాక్షి. ఇంకెవరూ చేయలేదు, అందుకు ఊరు సాక్షి. అలసట మాత్రం నాకు వచ్చింది.

ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, రవ్వంత పని కూడా చేయని రోజున, మధ్యాహ్నం పూట భుజాలు పట్టేస్తాయి. నడుము, పిక్కలు కూడా. సాయంత్రందాకా పెరిగి, పొద్దు గుంకాక తగ్గుతుంది. వయసు అనుకుని ఆముదం రాసుకుంటాను.

ఆ పూట దొరువు వైపు మాత్రం పోయి చూడను.